నాలుగో వరుస

కయానిలో జనవరి.
మధ్యాహ్నం మూడింటికే కిటికీలో చీకటి.
పాత కట్టె మిల్లు రెండో అంతస్తులో మేం ఇద్దరం.
హిల్పా లోకం రాస్తుంది,
నేను దాన్ని విరగ్గొడతాను.
అదే నా ఉద్యోగం.

ఆ లోకంలో ఏ ప్రాణి పుట్టినా
ముందు అడిగేది పేరు కాదు, జాగా:
ఎంత చోటు ఆక్రమిస్తావు?
ఎలుగుకి రెండు లక్షల ఘన సెంటీమీటర్లు,
ఉడుతకి మూడు వందలు,
దోమకి సున్నా దగ్గర్లో ఏదో.
బరువు ఆ తర్వాతి మాట.
కొవ్వు నీటి కన్నా తేలిక, ఎముక బరువు,
పొరా పొరా కూడితే వచ్చేదే తూకం.
త్రాసు ఎక్కడా లేదు. అంతా గుణకారం.

మొదట్లో ఎన్ని నవ్వులాటలు!
దయ్యానికి ఒళ్లు లేదు గనక సైజు సున్నా అని రాసింది.
సున్నాతో భాగించాల్సి వచ్చి
తలుపు దాటబోయిన దయ్యం
ఊరంతటినీ గడ్డకట్టించేసింది.
"పోనీ, గురిగింజ ఎత్తు ఉందనుకో" అన్నాను.
అప్పట్నుంచి మా దయ్యాలు
గాలివానకి కొట్టుకుపోతున్నాయి.

ఇంకోసారి, పొడుగు రెట్టింపు చేస్తే
బరువూ రెట్టింపే అనుకున్నాను నేను.
ఎనిమిదింతలు, అంది హిల్పా, తల తిప్పకుండా.
నా రాక్షసుడు లేచి నిలబడ్డాడు,
రెండు మోకాళ్లూ పెళుక్కున విరిగాయి.
ఏనుగు కాళ్లు స్తంభాలెందుకయ్యాయో
నలభై రెండేళ్లకి తెలిసింది నాకు.

ప్రతి ప్రాణికీ పట్టికలో మూడు వరుసలు:
పుట్టిన రోజు ఇంత,
ఏడాదికి ఇంత,
ఎదిగాక ఇంత.
మధ్య రోజులన్నీ గీత గీసినట్టు పెరుగుతాయి.
మూడో వరుస తర్వాత చావు దాకా
అదే అంకె.
పదేళ్లయినా, పాతికేళ్లయినా.
ఎవరూ అడగలేదు. నేనూ బగ్గు రాయలేదు.

హిల్పా కుక్క పేరు నోక్కా.
మా బల్లల మధ్య హీటరు దగ్గర పడుకుంటుంది,
పద్నాలుగేళ్ల ముసలిది.
నెలకోసారి పశువుల ఆసుపత్రికి, కారు నేను నడుపుతాను.
అక్కడ నేలలో పొదిగిన తూకపు పలక,
పలక మీద రబ్బరు చాప,
చాప మీద తడి పాదాల అచ్చులు,
మాకన్నా ముందొచ్చిన ఎవరివో.
అక్టోబరులో ఇరవై మూడున్నర.
డిసెంబరులో ఇరవై రెండు.
ఇవాళ డాక్టర్ హుట్టునెన్ కళ్లద్దాలు పైకి తోసుకుని
ఇరవై, ఆరు వందలు, అని రాసుకుంది.
తింటోందా? తింటోంది.
నీళ్లు? తాగుతోంది.
మరేమిటి, అని నేనే అడిగాను.
ఏమీ లేదు. వయసు.

తిరిగొచ్చాక మెట్ల దగ్గర
హిల్పా ఒక్కతే దాన్ని ఎత్తుకుంది.
ఎప్పుడూ ఇద్దరం పట్టేవాళ్లం.
చాచిన చేతులు ఏం చేయాలో తెలీక
జేబుల్లో పెట్టుకున్నాను.

ఆ రాత్రి ఆమె ఇంటికి వెళ్లలేదు.
పొద్దున్న చూస్తే పట్టికలో నాలుగో వరుస:
ఇన్నేళ్లు దాటాక ఇంతకి తగ్గును.
మూడు వందల పన్నెండు ప్రాణులకీ.
దయ్యాలకి తప్ప.
ఎందుకో రాయాల్సిన గడి మాత్రం
ఖాళీగా వదిలింది.

విరగ్గొట్టడానికి కూర్చున్నాను.
వందేళ్లు గబగబా తిప్పాను.
కసాయి ముసలి గొర్రెకి తక్కువ మాంసం రాసుకున్నాడు. సబబే.
ముసలి గద్ద ఇంకాస్త పైకి లేచింది. సరే, కానీ.
తర్వాత మార్చి నెల, కరుగుతున్న సరస్సు.
మంచుపలక ఎంత మోయగలదో దానికీ ఓ అంకె ఉంది.
రెయిన్‌డీర్ల మంద అంచున ఆగింది.
వెనక తోడేళ్లు.
ముందు నడిచిన పోతు, నిండుగా బలిసింది,
నాలుగో అడుగుకే మునిగింది.
అప్పుడు మంద కొస నుంచి ఓ ముసలి పెంటి,
కొమ్ము ఒకటి విరిగింది,
మంచు మీద కాలు మోపింది.
పలక కిర్రుమంది.
ఇంకో కాలు.
అవతలి ఒడ్డున ఒళ్లు దులుపుకుని
నాచు కోసం తవ్వుకుంటోంది.

ఇది ఎవరూ రాయలేదు.
వెనక్కి తిప్పి మళ్లీ చూశాను.
బగ్గుల చిట్టాలో ఏ పద్దు కింద వేయాలో తెలీక
హిల్పాని పిలిచాను.
కాఫీ కప్పుతో వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది.
"ఎంతుంది అది?"
"అరవై ఒక్క కిలో."
"ఉండనీ."

సరస్సు అడుగున పోతు అంకె, నూట యాభై,
అలాగే ఉంది.